విజయవాడ ఎండకూ వానకూ తగిన ఆర్కిడ్ మిశ్రమం: ఎంపిక నుంచి కుండీ మార్పు వరకు

నర్సరీ నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న ఆర్కిడ్ మూడు నాలుగు నెలలకే ఆకులు ముడతలు పడి వాలిపోతే, ఎండ ఎక్కువైందనో నీళ్లు చాలలేదనో అనుకుని మనం ఇంకో చెంబెడు నీళ్లు పోస్తాం. ఆ కుండీని ఒకసారి తిరగేసి వేళ్లను చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గోధుమరంగుకు తిరిగిన వేరును వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగితే పైతొడుగు మొత్తం జారి చేతికి వస్తుంది, లోపల దారం లాంటి సన్నని పోగు ఒకటి మిగులుతుంది. ఊపిరాడక కుళ్లిన వేరు లక్షణం అది. మొక్క నీళ్ల మధ్యనే ఉండి దాహంతో పోయిందన్నమాట.

నేను మొదట కొన్న ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్ అలాగే పోయింది. ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక కలిపి గులాబీకి పెట్టినంత శ్రద్ధగా దానికి కుండీ కట్టాను. ఆ తప్పు వల్ల నేర్చుకున్నదీ, తరువాత పదేళ్లుగా మా మొగల్రాజపురం బాల్కనీలోనూ, గుంటూరు బ్రాడీపేటలో మా అక్కయ్య డాబా మీదా పెంచుతూ సరిచూసుకున్నదీ ఇక్కడ వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: వేరు ఏమి కోరుతోందో తెలుసుకోవడం

మనం ఇళ్లలో పెంచే ఉష్ణమండల ఆర్కిడ్లలో ఎక్కువ భాగం చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే మొక్కలు. ఇలా చెట్టు మీద కనిపించే ప్రతి మొక్కనూ మన పెద్దలు బదనిక అనేసేవారు కానీ, ఆర్కిడ్ చెట్టు రసాన్ని పీల్చదు. నిలబడటానికి చోటు మాత్రమే తీసుకుంటుంది. వాన పడినప్పుడు బెరడు మీద జారే నీటిని వేరు చప్పున పీల్చుకుంటుంది, వాన ఆగిన కొద్ది గంటల్లోనే గాలికి ఆరిపోతుంది. వేరు చుట్టూ ఉండే వెలమెన్ అనే మెత్తని, స్పాంజి లాంటి పొర ఈ పని కోసమే ఏర్పడింది. పొడిగా ఉన్నప్పుడు అది వెండిరంగులో ఉంటుంది, తడిస్తే లోపలి పచ్చదనం పైకి కనిపిస్తుంది. ఈ రంగు మార్పును గమనించడం అలవాటైతే నీళ్ల విషయంలో మరొకరి సలహా అవసరం ఉండదు.

కాబట్టి ఆర్కిడ్ కుండీలో నింపే పదార్థానికి మూడు పనులే ఉంటాయి: మొక్కను కదలకుండా పట్టి ఉంచాలి, కొంత తడిని కొంతసేపు నిలపాలి, ఆ తడి ఉన్నంతసేపూ వేళ్లకు గాలి అందనివ్వాలి. మట్టి మొదటి రెండూ చేస్తుంది, మూడోది చేయలేదు. మట్టి రేణువుల మధ్య సందులు ఎంత చిన్నవంటే నీరు వాటిలో చేరిన తరువాత గాలికి చోటు మిగలదు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. నర్సరీలలో గ్రౌండ్ ఆర్కిడ్ అని అమ్మే స్పాథోగ్లాటిస్ నిజంగానే నేల మొక్క, దానికి ఎరువు కలిపిన గుల్ల మట్టి సరిపోతుంది. పక్కింటివారి ఆర్కిడ్ మట్టిలో చక్కగా పూస్తోందంటే అది బహుశా ఇదే అయి ఉంటుంది. ఆ పద్ధతిని చెట్ల మీద పెరిగే డెండ్రోబియం వంటి ఆర్కిడ్లకు వర్తింపజేయకండి.

రెండవ అడుగు: మీ ఇంట్లో కుండీ ఎన్నాళ్లకు ఆరుతుందో కొలవడం

మిశ్రమాల గురించిన సలహాల్లో చాలా భాగం చల్లని దేశాలవారివి, లేదా మన ఈశాన్య రాష్ట్రాల కొండ ప్రాంతాలవారివి. ఆర్కిడ్ల జాతీయ పరిశోధన కేంద్రాన్ని 1996లో సిక్కింలోని పాక్యోంగ్‌లో నెలకొల్పడానికి అక్కడి చల్లదనమూ, సహజంగా పెరిగే ఆర్కిడ్ల సంపదా కారణాలు. అక్కడ సరిపోయిన కొలత కృష్ణా తీరంలో సరిపోవాలని లేదు.

మన దగ్గర రెండు విపరీతాలు ఉన్నాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, వడగాలికి ఉదయం తడిపిన వేరు పది గంటలకే వెండిరంగుకు తిరుగుతుంది. ఏడాదిలో కురిసే సుమారు 1000 మిల్లీమీటర్ల వానలో అత్యధిక భాగం జూన్ నుంచి నవంబరు లోపే పడుతుంది. ఆ ముసురు రోజుల్లో అదే కుండీ వారమైనా ఆరదు. ఈ రెండింటిలో దేనికోసం మిశ్రమాన్ని ఎంచుకోవాలన్నదే అసలు ప్రశ్న. నా సమాధానం నిస్సందేహంగా వానాకాలం కోసమే. తడి చాలకపోతే రెండోపూట నీళ్లు పోసి సరిదిద్దుకోవచ్చు. ఎక్కువైన తడిని కుండీలోంచి బయటికి తీసే ఉపాయం లేదు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి నగరంలో సగం నీళ్లలో ఉన్నప్పుడు, మెరక మీద ఉన్న మా వీధికి వరద రాకపోయినా మొక్కల వైపు చూసే మనసు ఎవరికీ లేదు. పది రోజుల తరువాత చూస్తే, కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు నిండిన రెండు కుండీలలో మొక్కలు మొదలు దగ్గర మెత్తబడిపోయి ఉన్నాయి; వాటి పక్కనే అదే వానకు తడిసిన బొగ్గు, ఇటుక ముక్కల కుండీలలో వేళ్ల కొనలు పచ్చగా ముందుకు సాగుతున్నాయి. ఆ తరువాత నేను కోకోపీట్‌ను ఆర్కిడ్ దగ్గరికి రానివ్వలేదు.

మీ ఇంటి సంగతి తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేయండి. మొక్క లేని కుండీలో మీరు అనుకున్న పొడి మిశ్రమాన్ని నింపి వంటింటి త్రాసు మీద తూచండి. దానిని బకెట్లో రాత్రంతా ముంచి తీసి, నీరు కారడం ఆగాక మళ్లీ తూచండి. ఉదాహరణకు పొడిగా 400 గ్రాములు, తడిగా 600 గ్రాములు ఉందనుకుంటే, మొక్కను ఉంచబోయే చోటనే దానిని పెట్టి రోజూ ఒకే వేళకు తూస్తూ పోవాలి. తూకం 450 గ్రాముల దరిదాపుకు రావడానికి రెండు మూడు రోజులు పడితే డెండ్రోబియంకు బాగుంటుంది, నాలుగైదు రోజులు పడితే ఫెలనాప్సిస్‌కు బాగుంటుంది. వారం దాటితే మిశ్రమంలో ముక్కలు మరీ చిన్నవన్నమాట. ఈ పరీక్షను వేసవిలో చేసి తృప్తిపడకండి. ఆగస్టులో చేసినదే లెక్క.

మూడవ అడుగు: సరుకును చూసి ఎంచుకోవడం

బొగ్గు నాకు అన్నిటికంటే నమ్మకమైన సరుకు. ఇస్త్రీ బండి వాళ్లు వాడే కట్టెబొగ్గు చాలు. అది కుళ్లదు, ముక్కల మధ్య గాలికి దారి ఉంటుంది, పైన కొంచెం తడిని పట్టుకుంటుంది. ముక్కలను రేగుపండంత, ఉసిరికాయంత పరిమాణంలో పగలగొట్టి, పొడిని జల్లెడ పట్టి వేరుచేసి, నీళ్లు నల్లగా రావడం మానేదాకా కడగాలి. పొడిని అలాగే వదిలేస్తే అది కుండీ అడుగుకు చేరి బురదగా పేరుకుంటుంది. మాంసం కాల్చడానికి అచ్చుపోసి అమ్మే బొగ్గు బిళ్లలు మాత్రం పనికిరావు, వాటిలో జిగురు పదార్థాలు కలుస్తాయి.

ఇటుక ముక్కలు మనకు చవకగా దొరుకుతాయి కానీ రెండు జాగ్రత్తలు అవసరం. సగం కాలిన ఇటుక నీళ్లలో నాని మట్టిగా మారుతుంది. ఒక ముక్కను రాత్రంతా గిన్నెలో నానబెట్టి, ఉదయం వేళ్లతో నలిపితే విడిపోకుండా ఉన్నదే వాడాలి. రెండవది, ఇల్లు కడుతున్న చోట ఏరుకొచ్చిన ముక్కలకు సిమెంటు అంటుకుని ఉంటుంది. సిమెంటులోని సున్నం నీటి క్షారగుణాన్ని పెంచుతుంది, ఆర్కిడ్ వేళ్లకు కొద్దిపాటి ఆమ్లగుణమే హితం. అనుమానం వస్తే ముక్క మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి, బుడగలు వస్తే పారేయండి. పాత ఇళ్ల మీది మంగుళూరు పెంకు ముక్కలు దొరికితే అవి ఇటుక కంటే మేలు. బాగా కాలి ఉంటాయి, పలచగా ఉండటం వల్ల త్వరగా ఆరుతాయి.

కొబ్బరి డొక్క విషయంలో కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అందరికీ సులభంగా అందేదీ, అందరూ తొందరపడి వాడేదీ ఇదే. కోకోపీట్ అంటే పీచు తీయగా రాలిన పొట్టు. అది మట్టిలాగే బిగుసుకుంటుంది. మనకు కావలసింది పీచూ పొట్టూ కలిసి ఉన్న డొక్కను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా నరికినది. దానిలో సహజంగానే పొటాషియం, సోడియం లవణాలు ఎక్కువగా ఉంటాయి, అవి లేత వేరు కొనను మాడుస్తాయి. ముక్కలను ఒక రోజు నానబెడితే నీరు కాఫీ డికాక్షన్ రంగుకు మారుతుంది. దానిని పారబోసి మళ్లీ నానబెట్టాలి, ఇలా కనీసం మూడుసార్లు చేయాలి. రంగు పోయినంత మాత్రాన లవణం పోయినట్టు కాదు గనుక, ఇంట్లో మంచినీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్ను ఉంటే దానితో చూడండి: మొదట పోసిన నీటికీ, ఒక రోజు నానిన తరువాతి నీటికీ తేడా 50 పీపీఎం లోపు ఉంటే చాలు. పీచుకు గట్టిగా అంటుకున్న సోడియం కడిగితే పోదు. లీటరు నీటికి 3 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి ఒక రాత్రి నానబెడితే కాల్షియం దాని స్థానంలోకి చేరి సోడియం బయటికి వస్తుంది, తరువాత మంచినీటితో కడిగేయాలి. మిర్చి రైతులు వాడేదే కాబట్టి గుంటూరులో ఏ ఎరువుల దుకాణంలోనైనా అది దొరుకుతుంది.

పైన్ చెట్టు బెరడు ఫెలనాప్సిస్‌కు మంచి ఆధారం. మన దగ్గర పెరిగే చెట్టు కాదు కనుక ధర ఎక్కువ. కొత్త బెరడు మొదట్లో నీటిని తోసేస్తుంది, కాబట్టి ఒక రోజు నానబెట్టి వాడాలి. మన వేడికీ తేమకూ అది ఏడాదిన్నర, రెండేళ్లలో మెత్తబడుతుంది. స్ఫాగ్నమ్ నాచు తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టుకుంటుంది. వేళ్లు పోయిన మొక్కను కోలుకునేలా చేయడానికి, ఏసీ గదిలోని మొక్కకు పైన గుప్పెడు వేయడానికి తప్ప, కోస్తా వానాకాలంలో కుండీ నిండా వాడటం ప్రమాదం. పెర్లైట్ అనే తేలికైన తెల్లని రాతి గుళికలు, కాల్చిన మట్టి గుళికలు దొరికితే కలుపుకోవచ్చు, లేకపోయినా లోటు లేదు. వేరుశనగ పొట్టు, వరి ఊక ఎంత చేరువలో ఉన్నా వద్దు; ఒక్క వానాకాలంలోనే కుళ్లి ముద్దవుతాయి.

నాలుగవ అడుగు: మొక్కను బట్టి పాళ్లు

డెండ్రోబియం: పెళ్లి మండపాల అలంకరణలో కనిపించే ఊదారంగు పూల సోనియా రకం ఇదే, మన ఊళ్లకు బాగా నప్పే మొక్క. డబ్బాతో కొలిచి రెండు పాళ్లు బొగ్గు, రెండు పాళ్లు ఇటుక లేదా పెంకు, ఒక పాలు కొబ్బరి ముక్క. పూర్తిగా నీడపట్టున ఉన్న బాల్కనీ అయితే కొబ్బరి ముక్కను సగానికి తగ్గించండి. గుంటూరులో అక్కయ్య డాబా మీద నీడవల కింద గాలి ఎక్కువ కనుక ఆమె ఒకటిన్నర పాలు వేస్తుంది, అక్కడ అదే సరి.

ఫెలనాప్సిస్: ఐదు పాళ్లు పైన్ బెరడు, రెండు పాళ్లు బొగ్గు, రెండు పాళ్లు కొబ్బరి ముక్క, దొరికితే ఒక పాలు పెర్లైట్. బెరడు దొరకకపోతే నాలుగు పాళ్లు కొబ్బరి ముక్క, మూడు పాళ్లు బొగ్గు, ఒక పాలు పెంకు. ఇది 35 డిగ్రీలు దాటితే ఇబ్బందిపడే మొక్క, కాబట్టి వేసవిలో ఇంటి లోపల కిటికీ దగ్గర ఉంచుకోగలిగినవారే కొనాలని నా అభిప్రాయం.

కాట్లేయాకు డెండ్రోబియం మిశ్రమమే, ఇంకొంచెం పెద్ద ముక్కలతో. దాని కుండీ ఒక నీటికీ మరో నీటికీ మధ్య పూర్తిగా ఆరాలి. ఆన్సీడియం వేళ్లు సన్నగా ఉంటాయి, అందువల్ల శనగగింజకూ రేగుపండుకూ మధ్య పరిమాణం గల ముక్కలు, కొబ్బరి ముక్క వంతు కాస్త ఎక్కువ. వేరు ఎంత సన్ననిదైతే ముక్క అంత చిన్నదిగా ఉండాలన్నది అన్ని ఆర్కిడ్లకూ వర్తిస్తుంది.

వాండాకు మిశ్రమమే అక్కరలేదు. టేకు బద్దల బుట్టలో నాలుగు పెద్ద బొగ్గు ముక్కలు వేసి వేళ్లను గాలిలోకి వేలాడనివ్వాలి. దీని అడవి బంధువు వాండా టెసెల్లాటా మన తూర్పు కనుమల చెట్ల మీద సహజంగానే పెరుగుతుంది, కాబట్టి ఈ జాతికి మన ఎండ కొత్త కాదు. బదులుగా అది రోజూ నీళ్లు అడుగుతుంది, మే నెలలో రెండు పూటలా. ఊళ్లకు తరచూ వెళ్లేవారు దీని జోలికి పోకపోవడం మంచిది.

ఐదవ అడుగు: కుండీ

పక్కలకు కూడా చిల్లులున్న మట్టి కుండీ మన వాతావరణానికి శ్రేష్ఠం. మట్టి గోడ నుంచి నీరు ఆవిరవుతూ, కూజాలో నీళ్లు చల్లబడినట్టే, వేళ్లను చల్లగా ఉంచుతుంది. ఫెలనాప్సిస్‌కు మాత్రం పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ వాడతాను, వేళ్ల రంగు బయటినుంచే కనిపిస్తుంది గనుక. కుండీ ఎప్పుడూ వేళ్ల ముద్ద పట్టేంతే ఉండాలి. మొక్క పెరుగుతుందని ముందే పెద్దది పెడితే, వేళ్లు చేరని మధ్యభాగం ఆరకుండా ఉండి కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. అందంగా ఉందని చిల్లులు లేని పింగాణీ కుండీలో దింపినవారు నీళ్లు పోసేటప్పుడైనా బయటికి తీసి పోయాలి.

ఆరవ అడుగు: మార్చే పద్ధతి

కొత్త పిలకకు కొత్త వేళ్లు తొంగిచూస్తున్న సమయమే మార్చడానికి అనువైనది. మన దగ్గర అది తరచుగా మృగశిర దాటి ఎండ చల్లబడిన తరువాత జూన్ చివర, జూలైలో వస్తుంది, కొన్ని మొక్కలకు ఫిబ్రవరిలో. పూలతో ఉన్న మొక్కను, మే నెలలో ఏ మొక్కనూ కదపకండి.

కుండీని అరగంట నీళ్లలో ఉంచితే గోడకు అంటుకున్న వేళ్లు తేలికగా వదులుతాయి. పాత మిశ్రమాన్ని పూర్తిగా తీసేయండి. కొత్తగా కొన్న ఫెలనాప్సిస్ అయితే వేళ్ల నడుమ, మొదలుకు సరిగ్గా కింద, గుడ్డంత నాచు ముద్ద ఒకటి ఉండవచ్చు. మొక్క పిల్లగా ఉన్నప్పుడు పెట్టినది అది. చుట్టూ ఎంత మంచి మిశ్రమం వేసినా ఆ ముద్ద ఆరదు, కాబట్టి పట్టకారుతో కొంచెం కొంచెంగా లాగి తీయాలి. నొక్కితే గట్టిగా ఉన్న వేరును, రంగు ఎలా ఉన్నా, ఉంచండి; మెత్తబడినదాన్ని, బోలుగా ఉన్నదాన్ని మంటలో కాల్చి చల్లార్చిన కత్తెరతో కోయండి. కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దండి, మంచి వేరుకు తగిలితే అది వేరును ఎండబెడుతుంది.

కోసిన గాయాలు ఒక రోజు నీడలో ఆరిన తరువాత నాటండి. డెండ్రోబియంలో పాత కాడలు కుండీ అంచుకూ, కొత్త పిలక ఖాళీ వైపుకూ రావాలి. వేళ్లు మొదలయ్యే చోటు మిశ్రమం మీద ఆనాలే తప్ప అందులో పూడకూడదు. ముక్కలను వేళ్ల మధ్యకు కుండీని తట్టుతూ దింపాలి, వేలితో కుక్కకూడదు. చివరగా ఒక పుల్ల పాతి మొక్కను కట్టండి. గాలికి ఊగే మొక్కకు ఆకుపచ్చని వేరు కొన ముక్కకు రాసుకుని విరుగుతుంది, అలా విరిగిన వేరు కొన మళ్లీ సాగదు.

ఏడవ అడుగు: తరువాతి రోజులు

నాటాక నాలుగైదు రోజులు కుండీకి నీళ్లు పోయకుండా ఆకుల మీద మాత్రం ఉదయం పూట తుంపర చల్లండి. ఆ తరువాత నీరు ఎప్పుడన్నది చీపురు పుల్ల చెబుతుంది: కొబ్బరి ఈనెను కుండీ మధ్యదాకా గుచ్చి పది నిమిషాల తరువాత తీసి పెదవికి ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లుల నుంచి ధారగా కారేలా పోయాలి. వేసవిలో డాబా మీది ట్యాంకు నీరు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది కాబట్టి ఉదయం ఏడు లోపే ఆ పని ముగించండి. ఫెలనాప్సిస్ ఆకుల నడిమి సుడిలో నీరు నిలిస్తే గుడ్డతో అద్దేయండి.

ఉప్పదనం ఉన్న బోరు నీటికి బదులు వాననీటినో, ఏసీ గొట్టం నుంచి కారే నీటినో పట్టి వాడుకోవచ్చు. ఆర్‌ఓ యంత్రం వదిలే నీరు మాత్రం వద్దు, లవణాలన్నీ అందులోనే ఉంటాయి. బొగ్గు, ఇటుకలలో పోషకాలు లేవు కాబట్టి పెరిగే కాలంలో వారానికోసారి లీటరుకు అర గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న) ఎరువు ఇవ్వాలి, నెలకోసారి ఉత్త నీటితో కుండీని బాగా కడగాలి. కుండీ అంచున తెల్లని పొర కనిపిస్తోందంటే కడగడం ఆలస్యమైందని గుర్తు.

ముక్కలు వేలితో నొక్కితే చితికిపోతున్నా, కుండీ నుంచి పుట్టగొడుగు వాసన వస్తున్నా, మునుపు మూడు రోజులకు ఆరినది ఆరు రోజులకూ ఆరకపోయినా మిశ్రమానికి కాలం తీరింది. బెరడు, కొబ్బరి ముక్క ఉన్నవాటిని ఏడాదిన్నరకోసారి, అదీ వానలకు ముందు చూసుకోవడం మంచిది. తీసేసిన కుండీలో కుళ్లు లేకపోతే బొగ్గునూ ఇటుకనూ కడిగి, మరిగిన నీళ్లు పోసి, వారం రోజులు ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. మెత్తబడిన కొబ్బరి ముక్కలను నేను కరివేపాకు చెట్టు మొదట్లో వేస్తాను.